శివసత్తి బిడ్డ డెమో క్లాసు

మతాధ్యయనంలో ఈమధ్యే పీహెచ్‌డీ అయిన సింధుకు కాసేపట్లో ఆన్‌లైన్‌లో డెమో క్లాసు. అది నచ్చితేనే టీచింగ్ ఫెలోషిప్. హనుమకొండ అద్దె గదిలో ఆమెకు కాలు నిలవడం లేదు.

"మల్లన్న పూనే ఆడవాళ్లను శివసత్తులంటారు. వాళ్లు..." అని మళ్లీ వల్లె వేస్తుంటే తల్లి మొగిలమ్మ నవ్వింది.

"నన్ను పరాయిదాని లెక్క చెప్తానవ్ బిడ్డా."

"ఇంటి ముచ్చటంటే సదువు కాదంటరమ్మా."

"అయితే పక్కకు జరుగుత తియ్. నా బొట్టు జూసి జడుసుకుంటరు."

క్లాసు సాగింది. చివర్లో ఒక ప్రొఫెసర్ అడిగాడు. "పూనకంలో తమకేం తెలుస్తుందో వాళ్లనెప్పుడైనా అడిగారా?"

సింధు పక్కకు తిరిగింది. తల్లి చెయ్యి పట్టుకుని కెమెరా ముందుకు లాగింది.

"మా అమ్మే శివసత్తి సార్. మీరే అడగండి."

మొగిలమ్మ కొంగు సర్దుకుంది. "చెప్త గని సారూ, ముందుగాల మా పిల్లకు కొలువిస్తరా, లేదా?"