తెల్లపెట్టకు తలంటు

కోడికి తలంటేమిటని నవ్వకండి. ఆర్లిస్ హాగెన్ పదకొండేళ్ళుగా ఏటా ఆగస్టులో, కౌంటీ ఫెయిరుకు ముందురోజు, వెనక వరండాలో మూడు తొట్లు వరసగా పెట్టి ఆ ఏడు కోళ్ళ పోటీకి తీసుకెళ్ళే తెల్లపెట్టకు తలంటు పోస్తూనే ఉంది. మొదటి తొట్టిలో గోరువెచ్చని సబ్బునీళ్ళు, రెండో దాంట్లో కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళు, మూడో దాంట్లో తెల్లబట్టలకు పెట్టినట్టే ఒక్క చుక్క నీలిమందు. ఎడమ అరచెయ్యి రొమ్ము కింద పెట్టి, చంటిబిడ్డను ముంచినట్టు మెల్లిగా ముంచితే, ముందు రెక్కలు కొట్టి గోల చేస్తుంది గానీ, ఆ వెచ్చదనానికి కాసేపట్లోనే దాని కళ్ళు మూతలు పడతాయి. ఆ మూతపడ్డ కళ్ళను చూడటం ఆర్లిస్‌కు ఎంతిష్టమో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ ఏడు మాత్రం ఆమె చెయ్యి మొదటి తొట్టిలోనే ఆగిపోయింది. తోక కింద ఈకలు విడదీస్తే, మొదళ్ళ దగ్గర తడిసిన పంచదార గడ్డకట్టినట్టు తెల్లగా ఏదో అంటుకుని ఉంది. దాని పక్కనుంచి లేతగోధుమ రంగు చుక్క ఒకటి పరుగెత్తింది. ఇంకోటి. పేలు.

ఆర్లిస్ మొట్టమొదట చేసిన పని ఏమిటంటే, వెనక్కి తిరిగి ఎవరైనా చూశారా అని చూడటం. పెట్టకు ఎంత దురదగా ఉందో పాపం అన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఆ వరస తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ చెంపలు వేడెక్కుతాయి.

పదకొండేళ్ళలో ఆమె కోళ్ళకు ఎప్పుడూ పేలు పట్టలేదు. ఎందుకు పడతాయి? రోజూ పొద్దున్నే, బళ్ళో వంటపనికి వెళ్ళకముందే గూడు ఊడ్చి, పొడిగడ్డి మార్చి, ఒక్కొక్కదాన్నీ ఎత్తి రెక్క కింద చూసి గానీ ఆమె బస్సెక్కేది కాదు. పైగా గూటి ముందు దొడ్డిలో, చుట్టూ కట్టిన తీగకంచె మూలన, పొయ్యి బూడిదా ఇసకా కలిపి ఒక గుంట ఉంచేది. మధ్యాహ్నం ఎండలో కోళ్ళన్నీ ఆ గుంటలో దిగి, ఒంటి నిండా దుమ్ము పోసుకుని, కాళ్ళు చాపి పడుకునేవి. కోడికి నీళ్ళ స్నానం ఏటా ఒకసారి మనిషి ముచ్చటకే. దాని అసలు స్నానం దుమ్ములోనే. ఆ దుమ్ములో పొర్లితే పేలు నిలవవు.

ఆ ఏడు జూన్‌లో నక్క వచ్చింది. కంచె కింద తవ్వుకుని లోపలికి దూరి మూడింటిని పట్టుకుపోయింది. తెల్లారి గడ్డి మీద ఈకలు చూసి ఆర్లిస్ అక్కడే కూలబడింది. ఆమె భర్త ఓరిన్ కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడి, “ఇంట్లో నీకున్న పని ఇదొక్కటేనే, అది కూడా సరిగ్గా చూసుకోలేవా?” అన్నాడు. ఇదొక్కటేనట! బళ్ళో మూడొందల మంది పిల్లలకు వండి వచ్చి, ఇంట్లో వండి, అతని తల్లి హిల్డాకు పూటపూటకూ కాళ్ళకు కట్లు మార్చి, అతని పనిబట్టల్లో గ్రీజు మరకలు రుద్ది... “కంచె చుట్టూ సన్నకన్ను జాలీ మూరెడు వెడల్పున నేలలో పరిచి మట్టి కప్పితే చాలు ఓరిన్. నక్క తవ్వబోతే గోళ్ళకు ఇనుము తగిలి వెనక్కి పోతుంది,” అని మాత్రం అంది.

“జాలీలూ గీలీలూ ఆడవాళ్ళ కుట్లూ అల్లికలే. నేను చేసేది చూడు,” అన్నాడు. ఆ శనివారం స్నేహితుల్ని పిలిచి, దొడ్డి మొత్తం కాంక్రీటు పోయించాడు. బూడిదగుంట కూడా దాని కిందే పోయింది. చర్చిలో కాఫీల దగ్గర మగవాళ్ళంతా, “ఓరిన్ కోళ్ళకు కోట కట్టాడురా,” అని అతని వీపు తట్టారు. “మావాడు ఏది చేసినా గట్టిగా చేస్తాడు,” అని హిల్డా పొంగిపోయింది.

వారం ఆగి ఆర్లిస్ ఒక పాత తొట్టిలో బూడిదా ఇసకా నింపి దొడ్డి మూలన పెట్టింది. ఓరిన్ దాన్ని బూటుకాలితో పక్కకు తోశాడు. “శుభ్రంగా గచ్చు చేయించి ఇస్తే మళ్ళీ మురికి తెచ్చి పోస్తావేంటే? మనుషులొచ్చి చూస్తారనైనా లేదా?” ఆమె తొట్టి తీసేసింది. ఒకసారి తోస్తే తీసేసింది, రెండోసారి పెట్టనే లేదు. ఆ నెలలోనే హిల్డా కాలిపుండు ముదిరి రాత్రీ పగలూ దగ్గరుండాల్సి వచ్చింది. కోళ్ళను ఒక్కొక్కటిగా ఎత్తి చూడటం రెండు రోజులకోసారి అయింది, తర్వాత వారానికోసారి, తర్వాత అదీ లేదు.

పేలు కనబడ్డ ఆ తలంటు సాయంత్రం, కొన్ని ఈకలు మొదలంటా కత్తిరించి, వంటింట్లోకి వెళ్ళింది. ఓరిన్ పేపరు చదువుతున్నాడు.

“ఈ ఏడు తెల్లదాన్ని తీసుకెళ్ళడం మానేద్దామా?” అంది.

“ఎందుకు?”

“దానికి ఒంట్లో అంత బాగాలేదు.”

“తింటోందా?”

“తింటోంది.”

“గుడ్డు పెడుతోందా?”

“ఆ.”

“మరింకేం రోగం? నీకా, దానికా?” అని నవ్వాడు. “ఏటా బహుమతి రిబ్బను తెచ్చుకునే వాణ్ణి, ఈ ఏడు నా పంజరం ఖాళీగా ఉంటే జనం ఏమనుకుంటారే?”

పేలు అన్న మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట అంటే మురికి మనిషి తనే అవుతుందనిపించింది. రెండో తొట్టి, మూడో తొట్టి ముగించి, ఒళ్ళు ఆరాక పేలపొడి దట్టించి, పెట్ట కాళ్ళకు నూనె రాసింది. పాలలా తెల్లగా మెరిసిపోయింది పెట్ట.

ఫెయిరులో కోళ్ళ షెడ్డు పొడవాటి రేకుల షెడ్డు. తెల్లపెట్ట పంజరానికి ఆనుకునే థెల్మా రస్ట్ గారి ఎర్రపెట్టల పంజరం. థెల్మాకు ఎనభై దాటాయి. భర్త పోయాక ఆ రెండు పెట్టలతోనే ఆమె కబుర్లు. వాటికి పొద్దున్న వార్తలు చదివి వినిపిస్తుందని కూడా ఊళ్ళో అంటారు. రెండు పంజరాల మధ్యా ఉన్నది వట్టి తీగ. తెల్లపెట్ట ఒళ్ళు విదిలించినప్పుడల్లా ఆర్లిస్ ఆ తీగ వంక చూసింది. ‘చెప్పు, ఇప్పుడైనా చెప్పు,’ అనుకుంటూ, చెప్పకుండా, థెల్మా అందించిన పిప్పరమెంటు నోట్లో వేసుకుంది.

జడ్జి డెల్మార్ తెల్లకోటు వేసుకుని, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, ఒక్కొక్క పంజరమే చూస్తూ వచ్చాడు. తెల్లపెట్టను తీసి అరచేతి మీద కూర్చోబెట్టుకున్నాడు. రెక్క విప్పి చూసి, “అబ్బ, ఏం తెలుపు!” అన్నాడు. తర్వాత దాన్ని తలకిందులుగా వంచి, తోక కింద ఉఫ్‌మని ఊదాడు. ఈకలు విడిపోయాయి. అతను కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ ఊదాడు.

“ఓరిన్, ఇలా రావయ్యా.” మెల్లిగానే పిలిచాడు గానీ, రేకుల షెడ్డులో మెల్లిగా అనేది ఉండదు. “పేలున్నాయి దీనికి. ఈపులు గుత్తులు కట్టాయి. నిన్నా మొన్నా పట్టినవి కావివి.”

జనం దగ్గరికి జరిగారు. ఓరిన్ రెండు చేతులూ పైకెత్తాడు. “నాకేం తెలుసండీ? కోళ్ళ సంగతి నేనెక్కడ చూస్తాను! అవన్నీ మా ఆవిడవి. ఆవిణ్ణే అడగండి.”

“బళ్ళో వండేది ఆవిడే కదరా,” అని వెనకనుంచి ఒక గొంతు. “సూపులో మిరియాలే అనుకుంటున్నాం ఇన్నాళ్ళూ!”

నవ్వులు. ఆర్లిస్ చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్ళింది, బళ్ళో పెట్టుకునే జుట్టువల సరిచేసుకోవడానికి. ఆ రోజు వల లేదు. చెయ్యి ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఉండిపోయింది. జడ్జి పంజరం కార్డు మీద ‘పోటీకి పనికిరాదు’ అని ఎర్రముద్ర గుద్దాడు.

ఆమె షెడ్డు వెనక పంపు దగ్గరికి వెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టుకుంది. నేల విచ్చుకుంటే లోపలికి పోదామన్నంత సిగ్గు. చాలాసేపు అలాగే నిలబడ్డాక, ఆ సిగ్గును, కోడిగుడ్డును దీపానికి అడ్డంపెట్టి చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూసింది. ఇందులో నాదెంత? పేలు పట్టడం నాదా? ఆ కాంక్రీటు నేను పోయించలేదు. కానీ తొట్టి రెండోసారి పెట్టకపోవడం నాది. ఒక్క బూటుతోపుకి భయపడి, పద్దెనిమిది కోళ్ళను రెండు నెలలు గోక్కుంటూ బతకమన్నాను. తెలిసి తెలిసి పేల కోడిని తెచ్చి, ఎనభయ్యేళ్ళ మనిషి ప్రాణంలా చూసుకునే పెట్టల పక్కన పెట్టాను, అది పూర్తిగా నాదే. ఇంకొకటి మిగిలింది. ఈ పదకొండేళ్ళూ కార్డు మీద ఓరిన్ పేరు రాసింది ఎవరు? మొదటి సంవత్సరం పోటీ కాగితాలు అతని పేరున వచ్చాయి, ఇంటాయన పేరే కదా రాయాలి అనుకుని రాసింది. గుండ్రని అక్షరాలతో, ముచ్చటగా, తనే. రిబ్బన్లు వచ్చినప్పుడు అతను జడ్జితో చెయ్యి కలుపుతుంటే, ఈమె పక్కన అతని టోపీ పట్టుకుని నిలబడింది. పదకొండేళ్ళలో అతను కోళ్ళు ఈమెవని నలుగురిలో చెప్పింది ఈ పొద్దే. చెప్పింది నిజమే, అబద్ధం కాదు. ఆ నిజం చెప్పడానికి అతను పేలు పట్టేదాకా ఆగాడు.

మొహం తుడుచుకుని లోపలికి వచ్చింది. ముందు థెల్మా దగ్గరికే వెళ్ళింది.

“థెల్మాగారూ, మీ పెట్టలకు పొడి చల్లాలి. ఇప్పుడోసారి, పది రోజులాగి ఇంకోసారి. ఈపులు అప్పటికి పేలవుతాయి. నేనే వచ్చి చల్లుతాను.”

థెల్మా తలెత్తి చూసింది. “నీకు ఇక్కడే తెలిసిందా పిల్లా, ఇంటి దగ్గరే తెలుసా?”

“ఇంటి దగ్గరే తెలుసు. నిన్న తలంటేటప్పుడు చూశాను.”

“తెలిసే నా వాటి పక్కన పెట్టావా?”

“పెట్టాను.”

థెల్మా పంజరం గడియ తీసి, ఒక పెట్టను ఒళ్ళోకి లాక్కుంది. “నేను పిప్పరమెంటు కూడా ఇచ్చాను నీకు,” అంది. అంతకంటే చెంపదెబ్బ నయం. “రేపు ఎనిమిదింటికి రా. పొడి నువ్వే తెచ్చుకో. నేను నీతో మాట్లాడను. పని చేసి వెళ్ళు.”

“వస్తాను,” అంది ఆర్లిస్.

తర్వాత జడ్జి దగ్గరికి వెళ్ళి పెన్సిల్ అడిగి తీసుకుంది. తెల్లపెట్ట పంజరం ముందు నిలబడి, ఓరిన్ హాగెన్ అన్న చోట అడ్డంగా ఒక గీత గీసి, పైన, ఎర్రముద్ర పక్కనే, ఆర్లిస్ హాగెన్ అని రాసింది. ఆ షెడ్డులో ఆమె పేరు కనబడటం అదే మొదలు. అక్షరాలు వంకరపోయాయి. నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వలేదు. సిగ్గు మాత్రం పోలేదు, ఒంటి మీదే ఉంది, కాకపోతే ఇప్పుడు ఆమె కొలతకు సరిపోయింది.

ఇంటికి వెళ్ళే దారిలో, ట్రక్కులో, పెట్ట ఉన్న గంప ఆమె ఒళ్ళో ఉంది. మూడు మైళ్ళు దాటాక ఓరిన్ అందుకున్నాడు.

“నా పేరు కొట్టెయ్యడమేంటే అంతమందిలో? పిచ్చెక్కిందా?”

“నువ్వే కదా చెప్పావు, అవన్నీ మా ఆవిడవని. అందరూ విన్నారు.”

“మాట వరసకు అన్నాను...”

గంపలో పెట్ట మెడ వంచి ముక్కుతో రెక్క కింద గోక్కుంది. ఆర్లిస్ దాని వీపు మీద చెయ్యి వేసింది.

“ఓరిన్, సమ్మెట ఎక్కడ పెట్టావు?”

“సమ్మెటా? నీకెందుకు?”

“కాంక్రీటు మూల పగలగొట్టాలి,” అంది ఆర్లిస్. “నా కోళ్ళకు దుమ్ము కావాలి.”