సినిమా చూడని పిల్ల

"గుద్దితే పిగలొద్దు. కుట్లు గట్టిగ ఎయ్యి," అని చెప్పి కాలేజీకి పోయాడు భర్త అమరనాథ్. అందుకని అహల్య వంట ముగించి, అత్తగారి కాళ్ళకు నూనె రాసి, బియ్యం ఏరి, ఇక తీరిగ్గా గడప దగ్గర కూర్చుని బొమ్మ కుడుతోంది. తీరిక అన్న మాట ఆమె విషయంలో వాడొచ్చో లేదో మీరే చెప్పాలి. తన కూతురు సక్కు ఎత్తున్న గుడ్డబొమ్మ అది. ఒళ్ళు పాత దుప్పటిది, చీరా జాకెట్టూ అహల్య చిరుగుల చీరలోంచి వచ్చినవి, లోపలిది ఆమె పరుపులోని దూది. పరుపు పలచబడితే ఆమె నడుముకే కదా నొప్పి, పరిశోధనకు కాదు.

"బొమ్మను తన్నుడు చూసి డాక్టర్ అయితడా వీడు? గిదేం సదువు!" అంది మంచం మీది నుంచి అత్తగారు రుక్మాబాయి. కొడుకు ముందర మాత్రం ఆ మాట అనదు. ఆ ఇంట్లో కొడుకు ముందర ఎవరూ ఏ మాటా అనరు.

అమరనాథ్ సైకాలజీ లెక్చరర్. సినిమాల్లో కొట్లాటలు చూసిన పిల్లలకు కొట్టే బుద్ధి వస్తుందా అన్నది అతని పీహెచ్‌డీ. ఫలక్‌నుమా దగ్గర ఒక చిన్న బడిలో, ఆదివారం పూట, కొందరు పిల్లలకు ఫైటింగుల రీలు వేసి చూపిస్తారు. కొందరికి ఏమీ చూపించరు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ బొమ్మ ఉన్న గదిలోకి వదిలి, ఏం చేస్తారో పక్కగది కర్టెన్ వెనక నుంచి చూసి రాసుకుంటారు. అంతే.

అంతే అనడానికి ఎంతసేపు! శాలిబండ గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగి, "ఒక్క పూట పంపుండ్రి వదినా, ఉప్మా పెడ్తం, భద్రంగ తోలుకొస్తం," అని తల్లులను బతిమాలింది అహల్య. బడిగది ఊడ్చింది అహల్య. కర్టెన్ కుట్టిందీ ఆమే. "పుస్తకంల నీకు థాంక్స్ చెప్తలే. నా భార్య సహకారం మరువలేనిది అని. అందరు గట్లనే రాస్తరు," అన్నాడతను ఒక రాత్రి భోజనాల దగ్గర, వరమిచ్చినట్టు. అందులో కూడా తన పేరు ఉండదన్న సంగతి ఆమెకు మజ్జిగ పోస్తుండగా తట్టింది. తట్టి ఏం లాభం? మజ్జిగ పోసింది.

గల్లీ మొత్తానికి అమరనాథ్ అంటే మర్యాద. "సార్ గొంతు లేసినది ఎన్నడన్నా ఇన్నమా? మా ఇంటాయనకు గిట్ల చెప్పమ్మా జర," అనేది పక్కింటి బాలమ్మ. నిజమే, అతని గొంతు లేవదు. అరిచేవాళ్ళంటే అతనికి రోత. కూరలో ఉప్పు ఎక్కువైనా, చుట్టాల ముందర అహల్య కాస్త ఎక్కువ నవ్వినా, చేతులు తుడుచుకుని నెమ్మదిగా లేచి తలుపు వేస్తాడు. రెండు వేళ్ళతో ఆమె భుజం కింద, లోపలివైపు కండ పట్టుకుని మెలిపెడతాడు. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా ఉండదు. ఎండాకాలంలోనూ మోచేతులు దిగే జాకెట్లెందుకని బాలమ్మ అడిగితే, "మా అత్తమ్మకు గట్లనే ఇష్టం," అనేది.

వీటన్నిటి నడుమా అహల్యకు ఒక్కటే ఊరట ఉండేది. సక్కుకు తెలియదు. తలుపు వేసి ఉంటుంది, పిల్ల నానమ్మ దగ్గర ఉంటుంది, తనేమో నోరు మెదపదు. పిల్లకు మంచి తండ్రి ఉన్నాడు, మంచి ఇల్లు ఉంది. ఆ ఒక్క నమ్మకం మీదే ఆమె సంసారాన్ని పంటి బిగువున లాక్కొస్తోంది.

ఆదివారం బడి దగ్గర ఒక పిల్ల తక్కువ పడింది. జ్వరమని తల్లి పంపలేదు. పీహెచ్‌డీ గైడ్ వామన్‌రావు గారు అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అమరనాథ్ ఒక్క క్షణం కంగారుపడి, అంతలోనే వెలిగిపోయాడు. "మా సక్కును పెడదాం సార్! ఏం చూడని గ్రూపులకు ఇంతకంటె మంచి పిల్ల హైదరాబాదుల దొరకది. మా ఇంట్ల సినిమా ముచ్చటనే లేదు."

అది కూడా నిజమే. పెళ్ళికి ముందు అహల్యకు సినిమాలంటే ప్రాణం. అక్కతో కలిసి మ్యాట్నీకి పోయి, ఏడ్చి, వేరుశనగలు తిని, మళ్ళీ ఏడ్చి వచ్చేది. "ఇంటి ఆడది చీకట్ల మందితోటి కూసునుడేంది?" అన్నాడు అమరనాథ్ పెళ్ళైన కొత్తలో. అంతటితో సరి.

రీలు చూసిన మగపిల్లలు గదిలోకి పోయి బొమ్మ మీద పడ్డారు. డిష్యుం డిష్యుం అంటూ గుద్దారు, తన్నారు, తామే వెల్లకిలా పడి పకపకా నవ్వారు. ఒకడు కొట్టడమైపోయాక బొమ్మ కొంగు సర్ది, చెయ్యిచ్చి లేపాడు కూడా. వామన్‌రావు గారు సంతోషంగా తల ఊపారు. అమరనాథ్ కలం ఆగకుండా నడిచింది. పిల్లలకు ఉప్మా వడ్డించి, పెద్దవాళ్ళకు చాయ్ తెచ్చిన అహల్య కర్టెన్ దగ్గరకు వచ్చేసరికి, గదిలోకి సక్కు పోయింది.

సక్కు ముందుగా వరండా వైపు తలుపు వేసింది. గడియ పడిందో లేదో చూసుకుంది. బొమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. గుద్దలేదు, తన్నలేదు. చేతులు గౌనుకు తుడుచుకుని, రెండు వేళ్ళతో బొమ్మ భుజం కింద, లోపలివైపు, పట్టుకుని మెల్లగా మెలిపెట్టింది.

"అందరి ముంగట పండ్లు బయటవెట్టి నవ్వుతవా?" అంది తగ్గు గొంతుతో. "లొల్లి చెయ్యకు. పక్కింటోళ్ళకు ఇనొస్తది."

తర్వాత పక్కకు జరిగి, బొమ్మ జాకెట్టు చేతిని కిందికి లాగి సరిచేసి, ఇంకో గొంతుతో తనే జవాబు చెప్పింది. "ఏం గాలే అత్తమ్మా. తలుపు తగిలింది." చెప్పి, ఎవరికో చూపిస్తున్నట్టు నవ్వింది.

చాయ్ కప్పులు అహల్య చేతిలోనే ఉన్నాయి. అయ్యో నా తల్లీ, ఎప్పుడు చూశావే, ఏ సందులోంచి చూశావే అని గుండె బాదుకోవాలనిపించింది. మెలిపెట్టడం చూసి కాదు, ఆ నవ్వు చూసి ఆమెకు ఏడుపొచ్చింది. తండ్రి పని పిల్ల ఆటగా చేసింది. తల్లి నవ్వును మాత్రం అచ్చం తల్లిలాగే నవ్వింది. ఆ నవ్వు నేర్పింది తనే.

వామన్‌రావు గారు కళ్ళజోడు తీశారు. "ఇదేం సీను అమరనాథ్? గింత చిన్నపిల్ల ఏ పిక్చర్ల చూసింది?"

అమరనాథ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కాని తేరుకోవడం అతనికి తెలుసు. "నేను కాలేజీకి పోయినంక మ్యాట్నీకి తోలుకపోతదేమో అని నాకు ముందునుంచి డౌటు సార్," అన్నాడు. అహల్య వైపు తిరిగి మెత్తగా, "చెప్పు. ఏ పిక్చర్‌కు పోయిండ్రు? నేనేమనను, సార్ ముంగట చెప్పు," అన్నాడు.

"ఇందుల తప్పేముందమ్మా?" అన్నారు వామన్‌రావు గారు పాపం దయగానే. "చూసిందంటె ఈ పిల్లను లెక్కల్నుంచి తీసేస్తం. గంతే."

ఎంత తేలిక! అవునండీ, పోయినం, అంటే చాలు. అతని డాక్టరేటు నిలబడుతుంది, ఇంటి పరువు నిలబడుతుంది. చూడని సినిమాకు నాలుగు మాటలు పడితే పోతుంది, పడని మాటలా ఏమన్నా? అహల్య నోరు తెరిచింది కూడా. అంతలో కర్టెన్ పక్కకు జరిగి సక్కు వచ్చి నిలబడింది. తండ్రిని చూడలేదు. తల్లి నోటినే చూస్తోంది, వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు పక్కన కూర్చుని ఏ గీత తర్వాత ఏ గీత వస్తుందో చూస్తుందే, అలా. అమ్మ ఇప్పుడు ఏమంటే రేపు తనూ అదే అంటుంది. ఎన్నేళ్ళైనా, ఏ ఇంట్లోనైనా.

అహల్య కప్పులు కింద పెట్టింది.

"పెండ్లయినంక నేను ఒక్క పిక్చర్ చూడలే సార్. నా బిడ్డ పుట్టినసంది ఒక్కటి చూడలే. దాన్ని లెక్కల్నుంచి తీసెయ్యకుండ్రి."

"అహల్యా," అన్నాడు భర్త, ఆ తగ్గు గొంతుతోనే.

"మరి ఎవరిని చూసి నేర్చిందమ్మా?" అన్నారు వామన్‌రావు గారు.

పెళ్ళి నాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమని పట్టుబట్టినప్పుడు, సిగ్గుతో చచ్చిపోతూ ఒక్కసారి చెప్పింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ పేరు ఆమె నోట పలికింది లేదు. ఇప్పుడు ఆమె కూతురి చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించకుండా, వరండాలో ఉప్మా తింటున్న పిల్లలకు కూడా వినిపించేలా చెప్పింది.

"అమరనాథ్. రాసుకోండ్రి సార్."