అడక్కుండా తీసిన గొంతు

ఫిల్మ్‌నగర్‌లో వరప్రసాద్ గారి డబ్బింగ్ స్టూడియోలో జెరూష సౌండ్ ఇంజనీరు. తెలుగు రాని హీరోయిన్ల బదులు ఏడ్చి, నవ్వి, పోట్లాడే పుష్పవల్లి గొంతును ఎనిమిదేళ్లుగా రికార్డు చేస్తున్నది ఆమే. మూడు వారాల కింద పుష్పవల్లికి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. మాట పోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టర్లు.

సినిమాలో ఇంకా మూడు సీన్లు మిగిలాయి. మర్నాడు సాయంత్రానికి కాపీ సెన్సారుకి వెళ్లాలి.

"పాత రికార్డింగులన్నీ నీ దగ్గరే ఉన్నాయిగా. సాఫ్ట్‌వేర్‌లో వేసి ఆ గొంతే పుట్టించు," అన్నాడు వరప్రసాద్, గది తలుపు వేసి.

"ఆవిణ్ణి ఒక్కమాట అడుగుదాం సార్."

"అడిగితే వద్దంటుంది. పేరు వేస్తాం, ఇవ్వాల్సింది ఇస్తాం, ఆవిడకి నష్టమేంటి? ఈ నిర్మాత చేజారితే ఇక్కడ ఎంతమంది ఇంటికి పోతారో నీకు తెలీదా?"

తెలుసు. అందుకే ఎదురు చెప్పలేకపోయింది. కూర్చుని ఒక్క డైలాగు చేసి చూసింది. "నన్ను వదిలి వెళ్లకు." అచ్చం పుష్పవల్లే. చివర్న చిన్న వెక్కు కూడా పడింది. ఆ వెక్కు పుష్పవల్లి ఎప్పుడూ వెక్కింది కాదు. జెరూష హెడ్‌ఫోన్స్ తీసేసింది. ఫోన్‌లోకి ఎక్కించుకుని, తలనొప్పని చెప్పి, స్కూటీ మీద మోతీనగర్ వెళ్లింది.

మెడకి కట్టుతో పుష్పవల్లి తలుపు తీసింది. జెరూష దాచకుండా అంతా చెప్పి, ఇయర్‌ఫోన్స్ ఇచ్చింది. పుష్పవల్లి రెండుసార్లు వింది. తర్వాత నోటుబుక్కు తీసుకుని రాసింది: "నిన్ను వాళ్లే పంపారా?"

"లేదక్కా. చెప్పొద్దన్నారు. నేనే వచ్చాను. ఇది చేసిందీ నేనే."

పుష్పవల్లి మళ్లీ రాసింది: "సీన్లో ఈ పిల్ల బతిమాలడం లేదు. వాణ్ణి హెచ్చరిస్తోంది. ఏడవకూడదు." కింద మరో వరుస: "వద్దు. ఇవాళ ఒప్పుకుంటే నాకు గొంతొచ్చినా మళ్లీ పిలవరు. భువనని పిలువు. నేనొచ్చి పక్కన కూర్చుంటా." భువన ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి.

ఆ కాగితం చూసి వరప్రసాద్ మొహం గంటుపెట్టుకున్నాడు.

"అడగమని నేను చెప్పానా?"

"లేదు సార్."

"రాతపూర్వకంగా వద్దని తెచ్చి నా చేతిలో పెట్టావు. ఇప్పుడు చేస్తే కోర్టుకి లాగుతుంది. నా చేతులు కట్టేశావు."

"మీరు సరేనంటే ఇప్పుడే మొదలుపెడదాం సార్. భువన కింద ఉంది."

గోడ గడియారం వంక చూశాడు. ఇంకో దారి లేదు. "కానివ్వు" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

మర్నాడు మధ్యాహ్నం దాకా ముగ్గురూ ఆ గదిలోనే ఉన్నారు. భువన మైకు ముందు నిలబడితే, పుష్పవల్లి పక్కన కూర్చుని చేత్తో చెప్పింది. అరచెయ్యి కిందికి దింపితే తగ్గించమని, పిడికిలి బిగిస్తే ఏడుపు ఆపుకోమని. ఆ ఒక్క డైలాగుకే పదిహేడు టేకులు పట్టాయి. మిక్సింగ్ ముగించుకుని కాపీ గడువుకి అరగంట ముందు బయల్దేరింది.

సినిమా విడుదలైంది. గొంతు ఎక్కడ మారిందో ఎవరూ కనిపెట్టలేదు. అయితే వరప్రసాద్ భయపడ్డట్టే అయింది. ఇలా ఒకరిని అడగడం, వాళ్ల కోసం ఆగడం లేని స్టూడియోకి ఆ నిర్మాత తర్వాతి సినిమా పట్టుకుపోయాడు. జెరూషని ఎవరూ పొమ్మనలేదు, పని చెప్పడం మానేశారు. నెల చూసి తనే మానేసి, కృష్ణానగర్‌లో సీరియళ్లకి డబ్బింగ్ చెప్పే చిన్న చోట చేరింది.

చేసింది తప్పని ఆమెకి ఒక్కనాడూ అనిపించలేదు. పాత స్టూడియోలో ఇద్దర్ని మానిపించారని తెలిసిన రోజు మాత్రం అన్నం సహించలేదు. వాళ్లిద్దరికీ ఫోన్ చేద్దామని నంబర్లు తీసింది. మొదటిది నొక్కబోయి, ఏం చెప్పాలో తోచక ఫోన్ పక్కన పెట్టేసింది.