కరెంటు పోతే పట్టే బ్రేకు

లిఫ్టు మెకానిక్‌కి చేతకానిది ఒక్కటే, రెండు చక్రాల బండి నడపడం. పన్నెండో అంతస్తులో లిఫ్టు పైకప్పు మీద నిలబడి, కింద చీకటి గొయ్యి నోరు తెరుచుకుని ఉండగా తీరిగ్గా స్క్రూలు బిగించే మనిషి, వీధిలో సైకిలు ఎదురైతే గోడకి అతుక్కుపోయేవాడు. పెళ్లయిన నాటి నుంచీ భార్య బండి నడుపుతుంటే, పనిముట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని వెనక బుద్ధిగా కూర్చునేవాడు. కొత్తలో ఎవరైనా నవ్వితే మొహం మాడ్చుకునేవాడు గానీ, పోనుపోను అదీ అలవాటైపోయింది.

అలాంటివాడు కరెంటు స్కూటరు సొంతంగా తయారుచేస్తానని కూర్చుంటే ఇంట్లో ఎవరు నమ్ముతారు? నీకు ఎక్కడమే రాదు, చేసి ఏం చేస్తావని భార్య అడిగింది. నమ్మింది మామగారొక్కరే.

మామగారు రిటైరైన బస్సు డ్రైవరు. అత్తగారు పోయాక కూతురి దగ్గరే ఉంటున్నారు. సర్వీసు మొత్తంలో బండికి ఒక్క గీత పడనివ్వలేదన్నది ఆయన గొప్ప. కొత్తవాళ్లెవరు దొరికినా ఆ సంగతి చెప్పకుండా వదిలేవారు కాదు. ఆయన చెబుతుంటే వెనక నిలబడి కూతురు అవే మాటలు పెదాలతో అప్పజెప్పి భర్తను నవ్వించేది. వయసు మీద పడ్డా డ్రైవింగ్ స్కూలుకి వెళ్లి, స్టీరింగు చూస్తేనే వణికే పిల్లలకి నేర్పించి వచ్చేవారు.

"నువ్వు తయారుచెయ్యి అల్లుడూ, నడపడం నేను నేర్పిస్తా. నాకంటే మంచి గురువు నీకెవరు దొరుకుతారు?" అన్నారాయన.

ఇంజను చచ్చిన పాత స్కూటరు చట్రం ఒకటి బాల్కనీలోకి వచ్చింది. దానికో మోటారు వచ్చింది. ఇంత పెద్దదెందుకంటే, ఎనిమిది మందిని మోసే యంత్రాలతో కాపురం చేసినవాడికి చిన్నవి చేతికి ఆనవని జవాబు. సీటు కింద బ్యాటరీలు పేర్చాడు. భోజనాల బల్లని వైర్లు ఆక్రమించుకోవడంతో ఇంటిల్లిపాదీ కొన్నాళ్లు కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు. మొదటిసారి స్టాండు మీద తిప్పి చూసినప్పుడు వెనక చక్రం గాలికి ఆరేసిన బట్టలన్నీ ఎగిరి పక్కవాళ్ల బాల్కనీలో పడ్డాయి. భార్య తిడుతూ వెళ్లి తెచ్చుకుంది. మామగారు మాత్రం చంకలు గుద్దుకున్నారు.

ఇక బ్రేకు. లిఫ్టులో బ్రేకు సంగతి వేరు. అది స్ప్రింగు బలంతో ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. కరెంటు అందినంతసేపే వదులుతుంది, కరెంటు పోతే ఠక్కున పట్టేస్తుంది. అందుకే వైరు తెగినా, ఊరంతా చీకటైనా లిఫ్టు ఉన్నచోటే ఆగిపోతుంది, లోపలివాళ్లు క్షేమంగా ఉంటారు. ఇన్నేళ్లూ దాన్ని నమ్ముకుని బతికినవాడు, హ్యాండిలు బ్రేకుకి తోడుగా వెనక చక్రానికి అలాంటిదే ఒక చిన్న బ్రేకు బిగించాడు. ఏ ప్రమాదం వచ్చినా బండి తనంతట తానే ఆగిపోవాలన్నది అతని ఉద్దేశం. పరిగెత్తే బండి ఉన్నపళంగా ఆగితే పైనున్న మనిషి ఏమవుతాడన్న ఆలోచన అతని బుర్రకి తట్టనే లేదు. లిఫ్టులో ఎవరూ పరిగెత్తరు మరి.

ఆదివారం పొద్దున ఇళ్ల వెనక ఖాళీ స్థలంలోకి బండి దిగింది. పై అంతస్తు టీచరమ్మ వచ్చింది, వాచ్‌మన్ వచ్చాడు, చుట్టుపక్కలవాళ్లు కాఫీ గ్లాసులతో సహా వచ్చారు. ముందు దీని గుణమేమిటో నేను చూస్తానంటూ మామగారు ఎక్కారు. ఒక చుట్టు మెల్లగా, రెండోది కాస్త జోరుగా తిరిగారు. మూడో చుట్టులో మలుపు దగ్గర కాలవ పలక మీద బండి ఎగిరిపడింది. ఆ కుదుపుకి వెనక చక్రం బిగుసుకుపోయి, బండి పక్కకి ఒరిగి జరజరా ఈడ్చుకుపోయింది. మామగారు భుజం మీద పడ్డారు.

అందరూ మామగారి దగ్గరికి పరిగెత్తారు. మెకానిక్ బండి దగ్గరికి పరిగెత్తాడు.

బ్రేకుకి కరెంటందించే ప్లగ్గు ఊడి వేలాడుతోంది. చూసీ చూడగానే అతనికి అంతా అర్థమైంది. అతని బొటనవేలు అతన్ని అడక్కుండానే ప్లగ్గుని మళ్లీ లోపలికి నొక్కేసింది. వెనక నుంచి టీచరమ్మ, బండిలో ఏమైనా పోయిందా అని అడిగింది.

"బండిలో ఏమీ లేదు" అన్నాడు.

మామగారికి మెడ కింద ఎముక విరిగింది. ఆస్పత్రిలో చేతికి కట్టు కడుతుంటే ఆయన అల్లుడి వైపు తిరిగి, వెనక చక్రం ఎవరో పట్టుకున్నట్టయింది, ఒకసారి చూడమన్నారు. అన్నీ చూశానని అల్లుడు చెప్పాడు. చెబుతూ కిటికీ వైపు చూశాడు. మర్నాడు ఆ బ్రేకు విప్పి, గుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు.

ఎందుకు దాచాడంటే, సిగ్గు. బ్రేకులు బాగుచేసి బతికేవాడు బ్రేకు తప్పు పెట్టాడంటే పనిలో తోటివాళ్లు ఏడిపించి చంపుతారు. అంతమంది ముందు మొదటిసారి మొనగాడిలా నిలబడ్డ ఆదివారం అది. నాలుగు రోజులు పోయాక నెమ్మదిగా చెబుదామనుకున్నాడు. నాలుగు రోజులు పోయాక చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఈలోగా జనం ఊరుకుంటారా? కింద గేటు దగ్గర మామగారు కనబడితే చాలు, ఈ వయసులో మీకెందుకండీ ఈ సాహసాలు అని తలా ఒక ముక్క అనేవారు. కూతురు తన బండి తాళాలు దాచేసింది. మామగారు మొదట్లో వాదించారు, తర్వాత తగ్గారు, ఆ తర్వాత వాళ్లన్నదే నిజమేమోనని బాగున్న చేతిని కళ్ల ముందు పెట్టుకుని వేళ్లు ఆడించి చూసుకోవడం మొదలుపెట్టారు. రోడ్డు దాటాలంటే పక్కనున్నవాళ్ల చెయ్యి పట్టుకునేవారు. ఒక్క గీత కూడా పడలేదన్న గొప్ప చెప్పుకోవడం మానేశారు. కొత్తగా దిగిన కుర్రజంట పలకరించి మీరేం చేసేవారని అడిగితే, ఏదో ఉద్యోగం అని సరిపెట్టారు. పక్కనే నిలబడ్డ అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

ఒక సాయంత్రం అతను పని నుంచి వచ్చేసరికి మామగారు డ్రైవింగ్ స్కూలు యజమానితో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"ఇంక రాలేనండీ. నా చేతులు నా మాట వినడం లేదు. నాకు తెలీకుండానే ఏదో నొక్కేసుంటాను. రేపు పిల్లలెవరికైనా ఏమైనా అయితే?"

అల్లుడు చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి లోపలికి వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పు మీది కాదు మామయ్యగారూ. బ్రేకు పట్టేసింది. ప్లగ్గు ఊడితే నేనే మళ్లీ పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు."

మామగారు అతన్ని చాలాసేపు చూసి మెత్తగా నవ్వారు. నా ఫోను విన్నావు కదూ అన్నారు. అల్లుడు అటకెక్కి బ్రేకు దించి, స్ప్రింగు చూపించి, ఎలా పడుతుందో ఎలా వదులుతుందో వివరించాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేశారు.

"ఆ రోజు నువ్వు చూసి ఏమీ లేదన్నావు. నీ మాట నమ్మి జనం పన్నెండో అంతస్తు ఎక్కుతున్నారు అల్లుడూ. ఇప్పుడు నా కోసం అబద్ధాలాడకు. నీ మనసు మంచిది, నాకు తెలుసు."

వంటింట్లోంచి విన్న భార్య పమిటతో కళ్లు ఒత్తుకుంది. నిజంగానే జరిగిందే బాబూ అని అతను మొత్తుకుంటే, చాల్లే ఊరుకో, నాన్నకీ అర్థమైంది, నాకూ అర్థమైంది అంది. మామగారి పరువు కోసం తప్పు తన నెత్తిన వేసుకున్న మొగుణ్ని గురించి చెల్లెలికి ఫోను చేసి మరీ చెప్పింది. ఆ రోజు కంచంలో కూర ఎక్కువ పడింది. అతను దాన్ని కంచం అంచుకి నెట్టేశాడు. తప్పు దాచినప్పటి సిగ్గే నయమనిపించింది.

చెప్పినా, బ్రేకు చూపినా నమ్మనివాళ్లకి జరిగింది జరిగినట్టు చూపించాలి. చూపించాలంటే ఎవరో ఒకరు ఆ బండి మీద నుంచి పడాలి. ఇంకొకరిని ఎక్కించడానికి లేదు. అంటే తనే ఎక్కాలి, ఎక్కాలంటే ముందు నేర్చుకోవాలి. నేర్పమని మామగారినే అడిగాడు. నా చేతుల పని అయిపోయిందిగా అన్నారాయన. నోరుంది కదా అన్నాడు అల్లుడు.

ఖాళీ స్థలంలో కుర్చీ వేసుకుని, చేతికట్టుతో కూర్చుని మామగారు పాఠం మొదలుపెట్టారు. ఆ బండికి ఇప్పుడు మామూలు హ్యాండిలు బ్రేకు ఒక్కటే ఉంది గానీ మోటారు బలం మాత్రం తగ్గలేదు. పిడి వెంట్రుకవాసి తిప్పితే చాలు, బండి ముందుకు దూకేది, మెకానిక్ వెనక్కి దూకేవాడు. ఒకసారి తుప్పల్లోకి పోయాడు, ఒకసారి దుప్పట్లు ఆరేసిన తాడుకి చుట్టుకున్నాడు.

"హ్యాండిలు పీక పిసుకుతున్నావేంటి? అదేం ద్రోహం చేసింది నీకు?" అని మామగారు కుర్చీలోంచి కేకేసేవారు.

ద్రోహమన్న మాటకి అతని చేతులు ఇంకా బిగుసుకునేవి. అయినా మామగారు ఓపిగ్గా చెప్పేవారు. కాళ్లు నేలకి ఈడ్చకుండా మోకాళ్లతో బండిని పట్టమనేవారు, మలుపులో చక్రం వైపు కాక వెళ్లాల్సిన వైపు చూడమనేవారు. దెబ్బ తగిలిన చోటల్లా మందు రాయమని కూతురికి పురమాయించేవారు. తను ముంచిన మనిషి చేతే ఇంత చేయించుకుంటున్నానని అతను లోలోపల చచ్చిపోయేవాడు. కాలు కింద పెట్టకుండా మొదటిసారి చుట్టు పూర్తిచేసిన రోజున టీచరమ్మ, వాచ్‌మన్ చప్పట్లు కొట్టారు. మామగారు ఒంటి చేత్తో తొడ చరిచారు.

ఇక ఏమీ చూపించక్కర్లేదు, ముసలాయన కులాసాగానే ఉన్నాడు కదా అని అతనికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. అప్పుడే మామగారు టీచరమ్మతో అన్నారు.

"నా చేతులు పోతే పోయాయి గానీండి, అల్లుడికి వచ్చాయి. అది చాలు."

ఆ తర్వాతి ఆదివారానికి అతను పాత బ్రేకుని మళ్లీ బిగించాడు. ప్లగ్గుకి సన్నని తాడు కట్టి హ్యాండిలు దాకా తెచ్చాడు. ఆ రోజు చూసినవాళ్లందరినీ పేరుపేరునా పిలిచాడు. అల్లుడు విన్యాసాలు చూపిస్తాడు కాబోలని మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

ఒక చుట్టు తిరిగాడు. రెండోది తిరిగాడు. మూడో చుట్టులో అదే మలుపు దగ్గర, కళ్లు గట్టిగా మూసుకోవాలనిపించినా మూసుకోకుండా తాడు లాగాడు. చక్రం బిగుసుకుంది. బండి పక్కకి ఒరిగి జరజరా ఈడ్చుకుపోయింది. మోచెయ్యి, మోకాలు, చెంప నేలకి రాసుకుపోయాయి.

అందరూ అతని దగ్గరికి పరిగెత్తారు. మామగారు బండి దగ్గరికి నడిచారు.

వేలాడుతున్న ప్లగ్గు చూశారు. బాగున్న చేత్తో వెనక చక్రం తిప్పబోయారు, కదల్లేదు. ప్లగ్గు పెట్టారు, చక్రం హాయిగా తిరిగింది. పీకారు, పట్టేసింది. పెట్టారు, పీకారు. అందరూ చూస్తుండగా అలా ఎంతసేపో చేశారు. మొగుడి చెంప మీద రక్తం తుడుస్తున్న భార్య చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఆమె ఆ చక్రాన్ని చూసి, తర్వాత అతని మొహం చూసింది. అతను చూపులు దించుకున్నాడు.

మామగారు లేచి వచ్చి అతని ముందు నిలబడ్డారు. దెబ్బలు తగిలాయా అని అడగలేదు.

"మీరు ఆ రోజే చెప్పుంటే నవ్వి ఊరుకునేవాణ్ణి అల్లుడు గారూ" అన్నారు.

పెళ్లయిన నాటి నుంచీ ఆయన అతన్ని నువ్వనే తప్ప ఇంకోలా పిలిచి ఎరగరు. కట్టు కట్టిన చేతిని పొట్టకి ఆనించుకుని, జనం మధ్య నుంచి తిన్నగా ఇంటివైపు వెళ్లిపోయారు.

"తుడుచుకో" అని భార్య గుడ్డ అతని చేతిలో పెట్టి, తండ్రి వెనకాలే నడిచింది.