ఒక్కరికి సరిపడే పడవ

భార్య సువర్ణ పడవ కొనుక్కుంటానని చెప్పినప్పుడు కృపానందం పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఇరవై ఏళ్లు మస్కట్‌లో నర్సుగా చేసి వచ్చిన మనిషికి ఏదో ఒక సరదా ఉండటం న్యాయమే అనుకున్నాడు. ఆయన్ని తికమక పెట్టింది ఆ తర్వాతి మాట.

"ఒక్కదాన్నే వెళ్లడానికండీ," అంది సువర్ణ. "అందుకే చిన్నది చూస్తున్నాను."

"ఒక్కదానివే ఎందుకూ?"

"ఎందుకంటే ఏం చెప్పనండీ? మీరు ఒక్కరే కూర్చుని పేపరు చదువుకోరా, అలాగే."

ఈ పోలిక కృపానందానికి నచ్చలేదు. చదువుతుండగా పేపరు బోల్తా కొట్టదు కదా!

ఆయన రాజోలు దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. మనిషి భారీ విగ్రహం. గోదావరి ఒడ్డున సఖినేటిపల్లిలోనే పుట్టి పెరిగినా నీళ్లంటే భయం. నరసాపురం వెళ్లాలంటే ఏరు దాటించే పంటు ఎక్కి నట్టనడుమ నిలబడతాడు, అవతలి ఒడ్డు తగిలేదాకా ఎవరితోనూ మాట్లాడడు. ఏదైనా కొనేటప్పుడు మాత్రం ఎక్కడలేని ధైర్యం వస్తుంది. కొనేదేదో పెద్దదే కొనాలంటాడు. ఇద్దరే మనుషులున్న ఆ ఇంట్లో పెళ్లివారికి సరిపడే ఫ్రిజ్ ఉంది. తలుపు తీస్తే లోపల ఓ పెరుగు గిన్నె, నాలుగు పచ్చిమిరపకాయలు బిక్కుబిక్కుమంటూ కనిపిస్తాయి.

సువర్ణకి ఈ పిచ్చి మస్కట్‌లోనే పట్టింది. తనతో పనిచేసే గోవా అమ్మాయి ఒకతె ఓ సెలవురోజు సముద్రం ఒడ్డున క్లబ్బుకి తీసుకెళ్లి కాటమరాన్ ఎక్కించింది. రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన బిగించి, నడుమ గట్టి వల కట్టి, దాని మీద తెరచాప నిలబెట్టిన వాహనమది. ఇంజను లేదు, కుర్చీ లేదు. వల మీద కూర్చుని ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో తెరచాప తాడు పట్టుకుంటే గాలే లాక్కుపోతుంది. ఆ రోజు నుంచి సువర్ణ సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేటప్పుడు ఆమె అక్కడ వదిలిరాలేక వదిలొచ్చింది ఆ గాలినే.

మొదట నెట్‌లో చూసింది. గాలి కొట్టి ఉబ్బించే రకం ఒకటి కనిపించింది గానీ అది పరుపులా ఉంది. గోదావరి అడుగున ఆల్చిప్ప గీరుకుందంటే అంతే సంగతులు. ఇంతలో గంగబాబు కబురు తెచ్చాడు. ఊరికి దిగువన ఏటిగట్టు పక్కనున్న రిసార్టులో అతను టూరిస్టుల్ని ఇంజను పడవ మీద తిప్పుతుంటాడు. రిసార్టువాళ్లు ఎప్పుడో తెప్పించిన రెండు కాటమరాన్లని నడిపేవాళ్లు లేక అమ్మేస్తున్నారట.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. రిసార్టు మేనేజరు మురళీమోహన్ ఎదురొచ్చాడు.

"రండి మేడమ్ గారూ, రండి మేష్టారూ. చూడండి, రాజహంస!"

రాజహంసే. తెల్లగా, పొడుగ్గా, నీలంరంగు చారలతో మెరుస్తోంది. తెరచాపలు రెండు. దాని వెనకాల కొబ్బరాకుల కింద ఇంకొకటి ఉంది. పొట్టిగా, రంగు వెలిసి, మడిచిపెట్టిన ఒకే ఒక్క నారింజరంగు తెరచాపకి అక్కడక్కడా అతుకులతో.

"అదేంటండీ?" అని సువర్ణ అడిగింది.

"అదాండీ, పిల్లలాటండీ. దాన్నెవరూ అడగనే లేదు. తవరు పెద్దదే చూడండి."

"పెద్దదే," అన్నాడు కృపానందం వెంటనే.

నిజం చెప్పాలంటే సువర్ణ మనసు కూడా పెద్దదాని మీదికే పోయింది. చిన్నది చూద్దామని ఇంటి దగ్గర బయల్దేరిన మాట రాజహంసని చూశాక గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి మళ్లింది. గంగబాబు ఇంకో ఇద్దరు మనుషుల్ని పిలిచి పడవని నీళ్లలోకి దింపాడు. సువర్ణ లైఫ్ జాకెట్ బిగించుకుని ఎక్కింది. తెరచాప ఒకసారి టపటపలాడి బిగుసుకుంది. అంతే, ఒడ్డున నిలబడ్డ కృపానందం చేయి ఎత్తేలోపు ఆమె గోదావరి మధ్యలో ఉంది.

ఏం పరుగది! నీళ్లు కింద నుంచి సన్నగా ఈల వేస్తున్నాయి. లంకల్లోని కొబ్బరిచెట్లు వెనక్కి వెనక్కి జరిగిపోతున్నాయి. గాలివైపు పడవ నీటిలోంచి జానెడు లేచింది. సువర్ణ దాని అంచు మీద కూర్చుని వెనక్కి వాలి గట్టిగా కేక పెట్టింది. ఊళ్లో ఎవరూ ఆమె అలా అరవగా వినలేదు.

మలుపు దాటగానే చెట్ల చాటు పోయి గాలి ఒక్కసారిగా పెద్దదై కొట్టింది. తాడు వదలాలని తెలుసు. వదిలేలోపే పడవ ముక్కు నీళ్లలో దిగబడింది. ఆకాశం పక్కకి తిరిగింది. మరుక్షణం సువర్ణ నీళ్లలో ఉంది, రాజహంస పక్కకి ఒరిగి పడుకుని ఉంది.

పడ్డ కాటమరాన్‌ని లేపడం ఆమెకు కొత్త కాదు. నీళ్లలో ఉన్న కింది పడవ మీద నిలబడి, పైనున్న పడవకి కట్టిన తాడు పట్టుకుని, బరువంతా వేసి వెనక్కి వాలాలి. తెరచాప నీటిలోంచి ఊడి లేస్తుంది. వాలింది. పడవ కదల్లేదు. ఊపిరి పీల్చుకుని మళ్లీ వాలింది. కొంచెం లేచి, వెక్కిరించినట్టు మళ్లీ పడుకుంది. ఎన్నిసార్లు వేలాడినా అంతే. ఆమె బరువు దానికి చాలడం లేదు. పైగా పాటు వేళ, నీళ్లు సముద్రం వైపు దిగుతున్నాయి. రాజహంస పడుకునే మెల్లగా అంతర్వేది దారి పట్టింది.

అప్పుడు ఇంజను చప్పుడు వినిపించింది. గంగబాబు వస్తాడని ఆమెకు తెలుసు. కానీ ఆ పడవ ముందు భాగంలో, ఇస్త్రీ ప్యాంటుతో, బూట్లతో, పొట్ట మీద కష్టంగా కలిసిన లైఫ్ జాకెట్ బకిల్‌తో నిలబడ్డ మనిషిని చూసి పట్టుకున్న తాడు వదిలేసింది.

"వద్దండీ మేష్టారూ అంటే వినలేదండీ," అని గంగబాబు మొత్తుకున్నాడు. "తాడేసి లాక్కొచ్చేస్తానంటే 'నువ్వు నడుపు' అన్నారండీ!"

"మీరెందుకొచ్చేరండీ?" అంది సువర్ణ.

"అవన్నీ తర్వాత. ఏం చెయ్యాలో చెప్పు."

కృపానందం మోకాళ్ల మీద పాకుతూ కింది పడవ మీదికి దిగాడు. మొహం పాలిపోయింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తాడు పట్టుకున్నారు.

"వెనక్కి వాలండి. పడక కుర్చీలో వాలినట్టు."

"కుర్చీ ఏదే?"

"ఉందనుకోండీ!"

వాలాడు. రాజహంస మూలిగింది, తెరచాప బరువుగా నీటిలోంచి ఊడింది, ఉన్నట్టుండి మొత్తం పడవ వాళ్ల మీదికే లేచి దభీమని నిలబడింది. ఇద్దరూ నీళ్లలో పడ్డారు. సువర్ణ గభాల్న ఆయన జాకెట్టు పట్టుకుంది. ఆయన తల పైకి తేలింది. కళ్లజోడు లేదు. దగ్గుతున్నాడని భయపడి దగ్గరికి లాక్కుంటే, ఆయన నవ్వుతున్నాడు.

"లేచిందే! చూసేవా? నేను లేపేనే!"

ఆ నవ్వు విని చాలా ఏళ్లయింది. పెళ్లైన కొత్తలో నవ్వేవాడలా.

ఒడ్డుకొచ్చాక రిసార్టు అరుగు మీద, అరువు తెచ్చిన తువ్వాళ్లు కప్పుకుని కూర్చున్నారు. టీ తాగుతూ కృపానందం ఆగకుండా మాట్లాడుతున్నాడు.

"పెద్దదే తీసుకుందాం సువర్ణా. నీ బరువు చాలదు, నా బరువుంది. ఇన్నాళ్లూ ఈ ఒళ్లు దేనికీ పనికిరాదనుకున్నాను. ఇకనించి నేనూ వస్తాను. ఇద్దరం కలిసి వెళ్దాం."

"మరేనండి," అన్నాడు పక్కనున్న మురళీమోహన్, బేరం తెగినట్టే ముఖం పెట్టి.

సువర్ణ కప్పులోకి చూస్తూ కూర్చుంది. నీళ్లంటే వణికే మనిషి తన కోసం గోదావరిలో దిగాడు. ఇప్పుడు వద్దంటే ఏమనుకుంటాడు? సరే అనడం ఎంత తేలిక! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చింది గానీ బయటికి రాలేదు.

మురళీమోహన్‌కి ఫోనొచ్చి లోపలికి వెళ్లాక మెల్లగా అంది.

"మీరొస్తానన్నందుకు నాకు చాలా సంతోషంగా ఉందండీ. కానీ నేను ఒక్కదాన్నే వెళ్లాలి."

కృపానందం కప్పు కింద పెట్టాడు.

"ఇరవై ఏళ్లు ఆసుపత్రిలో 'సిస్టర్, సిస్టర్' అని పిలుస్తూనే ఉన్నారు. గదికొస్తే నలుగురం ఒకే గది. అక్కడ నీళ్ల మీదికి వెళ్లినప్పుడే నన్నెవరూ పిలవలేదు. మీ మీద కోపం కాదండీ."

"నేనేం పిలుస్తానే నిన్ను?"

"పిలుస్తారండి. పొద్దున్న లేస్తే కళ్లజోడెక్కడుందీ అని."

కృపానందం చేయి అప్రయత్నంగా ముక్కు మీదికి వెళ్లింది. అక్కడేమీ లేదు. మామూలుగా అయితే ఇద్దరూ నవ్వేవారు. ఆ రోజు నవ్వలేదు.

ఇంటికొచ్చాక ఆయన ముభావంగా తిరిగాడు. రాజోలు వెళ్లి కొత్త కళ్లజోడు చేయించుకొచ్చాడు. ఆదివారం ఆరాధనలో పక్కనే కూర్చున్నాడు గానీ ఆమె కోసం పాటల పుస్తకం తెరిచి పట్టుకోలేదు, ఎవరిది వాళ్లే తెరుచుకున్నారు. సువర్ణ కూడా మాట వెనక్కి తీసుకోలేదు. చర్చి నుంచి నడిచొస్తుండగా కొత్త అద్దాలు తుడుచుకుంటూ ఆయనే నోరు విప్పాడు.

"సరే. ఆ చిన్నదాన్ని కూడా పడేసి చూపించు. నీ అంతట నువ్వు లేపగలిగితే అది కొనుక్కో. లేకపోతే పెద్దది కొని నన్నెక్కించుకో. ఒప్పందమేనా?"

"ఒప్పందమే."

మర్నాడు మధ్యాహ్నం రిసార్టు ఒడ్డున ఓ పాతికమంది పోగయ్యారు. మేష్టారి భార్య కావాలని పడవ తిరగేస్తుందన్న వార్త గంగబాబు ఊరంతా చాటాడు. చిన్న కాటమరాన్‌ని చక్రాల బండి మీద పెట్టి సువర్ణ తనే లాక్కెళ్లింది. తెరచాప కొయ్య కూడా ఒక్కర్తే నిలబెట్టింది. గంగబాబు సాయానికొస్తే చేత్తోనే ఆగమంది. నీళ్లలోకి దిగాక తెరచాప బిగించి, గాలి పట్టగానే బరువంతా తప్పువైపుకి జరిపింది. నారింజ తెరచాప ఫెళ్లున నీటిని కొట్టింది. ఒడ్డున ఆడవాళ్లు "అయ్యయ్యో" అన్నారు.

తాడు పట్టుకుని వాలింది. పడవ సగం లేచి పడిపోయింది. కృపానందం రెండడుగులు ముందుకేశాడు. బూట్లు ముందే విప్పి పక్కన పెట్టుకున్న సంగతి అప్పుడు అందరూ గమనించారు.

సువర్ణ తొందరపడలేదు. కింది పడవ మీద అలాగే కూర్చుని, కాళ్లతో నీళ్లు కొడుతూ పడవని మెల్లగా తిప్పింది. కొయ్య కొస గాలి వస్తున్న వైపుకి తిరిగేదాకా ఆగింది. అప్పుడు లేచి తాడు పట్టుకుని మళ్లీ వాలింది. తెరచాప అంచు నీళ్లు వదిలేసరికి గాలి దాని కిందికి దూరింది. ఆమె సగం, గాలి సగం. చిన్న పడవ విదిలించుకుని చటుక్కున లేచి కూర్చుంది. సువర్ణ దాని అంచు పట్టుకుని, చేపలా జారి వల మీదికి ఎక్కేసింది.

ఒడ్డున చప్పట్లు మోగాయి. మురళీమోహన్ కూడా కొట్టాడు గానీ పెద్దగా కాదు. కృపానందం అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఆలస్యంగా ఆపాడు. ఆమె ఒడ్డుకొచ్చాక తువ్వాలు అందించి, "లేవదనుకున్నానే," అన్నాడు. కళ్లజోడు సర్దుకుని, "లేవకూడదని కూడా అనుకున్నాను," అన్నాడు. సువర్ణ తడిచేత్తో ఆయన మోచేయి పట్టుకుంది.

చిన్న పడవ ఇంటికొచ్చింది. నీళ్ల రుచి మరిగిన కృపానందం ఊరుకోలేదు, గంగబాబుతో మాట్లాడుకుని సాయంకాలాలు అతని పడవ మీద గేలం వేయడం మొదలుపెట్టాడు. చేపలు పడేది తక్కువ, కబుర్లు పడేది ఎక్కువ. నరసాపురం దాకా వినిపించే గొంతుతో అవన్నీ ఇంట్లో చెప్పేవాడు.

ఓ రోజు సువర్ణ మంచి గాలి చూసుకుని అంతర్వేది వైపు బయల్దేరింది. సగం దూరం వెళ్లేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. తెరచాప ఆరేసిన చీరలా వేలాడింది. పడవ మెల్లగా వెళ్లి ఓ లంక పక్కనున్న ఇసుక మేటకి ఆనుకుంది. మెడలో ప్లాస్టిక్ సంచీలో ఉన్న ఫోను మోగింది.

"ఎక్కడున్నావే?" కృపానందం గొంతు.

"ఇసుక మేట దగ్గరండీ. గాలి ఆగిపోయింది."

"గంగబాబూ నేనూ రావాలా?"

"వద్దండీ. గాలొస్తే గాలితో వస్తాను, లేదంటే పోటెక్కాక నీళ్లతో వస్తాను. అన్నం తినెయ్యండి."

"సరే. జాగ్రత్త," అని పెట్టేశాడు.

సువర్ణ పనసతొనల డబ్బా తీసి వల మీద వెల్లకిలా పడుకుంది. మేట అవతల కొంగలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. లంకలో ఎక్కడో కొబ్బరికాయలు దింపుతున్న చప్పుడు, దబ్బు, దబ్బు. ఒక తొన తిని గింజ నీళ్లలోకి విసిరింది. ఎండ నీళ్ల మీద నుంచి ఎగిరి తెరచాప మీద ఆడుతోంది. కళ్లు మూసుకుంది. నిద్రపట్టిందో లేదో ఆమెకే తెలియదు. చాలాసేపటికి మెడ మీద చల్లగా ఏదో తగిలింది. కళ్లు తెరిచేసరికి దక్షిణం వైపు నీళ్లు గాలికి నల్లగా, గరుకుగా మారుతున్నాయి.

లేచి డబ్బా మూత పెట్టి, మేటని కాలితో ఒక్క తన్ను తన్ని, తెరచాప తాడు అందుకుంది.