పాట తప్పినవాళ్ల వైపు

మా బావ ముప్పై ఒక్క ఏళ్లు జాజ్ బృందాల్లో బాస్ వాయించాడు. కుర్రతనంలో ట్రంపెట్ నేర్చుకుందామని వెళితే, దానికి అప్పటికే ముగ్గురున్నారని, మనిషికన్నా ఎత్తుండే ఈ తీగల వాయిద్యాన్ని అంటగట్టారట. దాన్ని మెట్ల మీదుగా మోసీ మోసీ కుడి భుజం జారిపోయింది. ఓడలో వాయించాడు, రేడియోలో వాయించాడు, చివరి పదకొండేళ్లు ఒక హోటల్లో నా పియానో పక్కన వాయించాడు. ఇంతా చేస్తే పోస్టర్ మీద ఆయన పేరు ఎప్పుడూ అందరికన్నా కిందే ఉండేది.

ఆయనకొక పద్ధతి ఉంది. పాటలో ఎవరైనా దారి తప్పితే, క్షణం ఆగకుండా తనూ వాళ్లున్న చోటికి దూకేస్తాడు. వెంట మేమూ దూకాలి. కింద బాస్ కుదిరితే పైన జరిగిన తప్పు వినేవాళ్లకు తెలియదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు బావా?" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేసి తీగలు తుడుచుకునేవాడు.

హోటల్ చేతులు మారింది. కొత్త యజమాని ఒక మధ్యాహ్నం మేం వాయించేది విని, ఎవరిని ఉంచుకోవాలో తేలుస్తానన్నాడు. బావకు అరవై దాటాయి. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి రాదని మా అందరికీ తెలుసు.

పాడే అమ్మాయి చేరి వారమే అయింది. భయంతో రెండో చరణాన్ని నాలుగు బీట్లు ముందే ఎత్తుకుంది. బావ ఆమె దగ్గరికి దూకాడు. డ్రమ్ములాయన సర్దుకున్నాడు. నేను మాత్రం కదల్లేదు. యజమాని ముందు తప్పినట్టు కనిపిస్తానేమోనని, లెక్క ప్రకారమే వాయించుకుంటూ పోయాను. పియానో ఒక దారి, బాస్ ఒక దారి అయ్యాయి. చెవులు మూసుకోవాలనిపించేంత అధ్వానంగా వినిపించింది.

"ఎవరు తప్పింది?" అన్నాడు యజమాని.

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

"నేనేనండి," అన్నాడు బావ.

"పెద్దవారు, ఇక విశ్రాంతి తీసుకోండి," అన్నాడు యజమాని.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లాను. బావ లోపలి గదిలో వాయిద్యానికి గుడ్డ కప్పుతున్నాడు. జరిగిందంతా చెప్పి, "ఇందులో నా తప్పేం లేదక్కా. నేను లెక్క తప్పలేదు," అన్నాను.

అక్క మడతపెడుతున్న చొక్కా ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు లెక్క తప్పిన రోజుల్లో మీ బావ లెక్క కూడా సరిగ్గానే ఉందిరా. మరి నీ దగ్గరికెందుకు వచ్చాడు?"

లోపలికి వెళ్లి బావ మొహం చూసే ధైర్యం లేక, చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను.