లీటరుకి ఇరవై గ్రాములు

బోరు నీళ్లు నోట్లో పోసుకున్న వదిన వెంటనే తుపుక్కున ఉమ్మేసింది. కిలోమీటరు దూరంలో ఉన్న సముద్రం భూమి అడుగునుంచి చెరువుల్లోకి వచ్చేసింది. పదేళ్లుగా ఆమె పెంచుతున్నది మంచినీటి తిలాపియా.

తొందరపడి తొట్టిలోని చేపపిల్లల్ని నేరుగా చెరువులో వదిలింది. సాయంత్రానికి అన్నీ తేలిపోయాయి.

"నీళ్లలో ఉండి దాహంతో చచ్చిపోయాయి వదినా," అంది మరదలు. ఆమె కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది, సెలవులకు వచ్చింది. "ఉప్పు ఒంట్లోని నీటిని లాగేస్తుంది. కొంచెం కొంచెంగా పెంచామంటే నీళ్లు తాగడం, మొప్పల్లోంచి ఉప్పుని బయటికి తోసేయడం వాటికే అలవాటవుతుంది."

"కొత్త కోడలికే అత్తారిల్లు అలవాటు కావడానికి ఏడాది పట్టింది, నాకు తెలుసు. చేపకెంత?"

"చెరువులో ఇప్పుడు లీటరుకి ఇరవై గ్రాముల ఉప్పుంది. పదిరోజులివ్వు, చాలు!"

కొత్తగా తెచ్చిన రెండొందల పిల్లల్ని మంచినీళ్లు పోసిన వేరే తొట్టిలో వేశారు. రోజూ కాస్త నీళ్లు తీసేసి చెరువునీళ్లు కలిపారు, లీటరుకి రెండేసి గ్రాముల ఉప్పు పెరిగేలా. మరదలు ఉప్పు కొలిచే మీటరు ముంచి అంకె చదివేది, వదిన గోడమీద సుద్దముక్కతో రాసేది. పంపులు చూసే ఆయన తొంగిచూసి, "ఉప్పు పట్టించేశారు, కారం ఒక్కటే తక్కువమ్మా!" అని నవ్వాడు.

ఏడోరోజు, పద్నాలుగు గ్రాముల దగ్గర, పిల్లలన్నీ అడుగున నక్కాయి. మేత వేస్తే ముట్టలేదు. మరదలు బిందె అందుకుంది. "మంచినీళ్లు పోసేద్దాం వదినా!"

"ఆగు. వెనక్కి లాగితే మళ్లీ మొదటికొస్తాం. రెండ్రోజులు ఉప్పు పెంచొద్దు, గాలి మోటారు మాత్రం ఆపకు."

తొమ్మిదోరోజు పొద్దున మేత గింజ నీళ్లమీద పడిందో లేదో, టపటపమంటూ తొట్టి అంతా ఉడికినట్టు కదిలింది! "తింటున్నాయే పిల్లా, తింటున్నాయే!" వదిన అరుపు పంపుల దాకా వినిపించింది.

ఆ తర్వాత రోజుకి రెండు గ్రాములు. పద్దెనిమిది దాటాక, వలపంజరంలో వేసి అసలు చెరువులోకి దించారు. వదిన పంజరం పక్కన మోకాలిలోతు నీళ్లలోనే నిలబడిపోయింది, అన్నానికి పిలిచినా రాలేదు. ఒక పిల్ల నీళ్లమీదికి ఎగిరి పడింది. తర్వాత ఇంకొకటి. మర్నాడు లెక్కపెడితే రెండొందల్లో నూటతొంభై మూడు బతికున్నాయి!

ఇద్దరూ తడిచేతులతోనే కౌగిలించుకుని గంతులేశారు. ఇంతలో పంపులాయన గట్టుమీదికి వచ్చాడు, మొహంలో మునుపటి ఎగతాళి లేదు, ఉత్సాహం ఉంది.

"అమ్మా, ఈసారి ఎన్ని తొట్లు కడగమంటారు?"

"ఉన్నవన్నీ!" అంది వదిన.